నొప్పి తగ్గింది, ఇక మందు మానవచ్చునా?

ప్రశ్న: నా వయసు 42 సంవత్సరాలు. ఏడాది క్రితం రెండు చేతుల వేళ్ల కణుపులూ మణికట్లూ వాచి, ఉదయం లేచాక దాదాపు రెండు గంటల వరకు పిడికిలి బిగించలేని స్థితి వచ్చింది. పరీక్షలు చేసి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తేల్చారు. మొదటి రెండు నెలలు స్టెరాయిడ్ మాత్రలు ఇచ్చి, క్రమంగా తగ్గిస్తూ ఆపించారు. అప్పటి నుంచి వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ 15 మి.గ్రా., మరో రోజు ఫోలిక్ ఆమ్లం, రోజూ హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడుతున్నాను. నొప్పి దాదాపు పోయింది. తాళం తిప్పగలుగుతున్నాను, కలం పట్టి రాయగలుగుతున్నాను. అయితే మెథోట్రెక్సేట్ క్యాన్సర్ మందని దగ్గరి బంధువొకరు చెప్పినప్పటి నుంచి మనసు మనసులో లేదు. మాత్రలు వేసుకున్న మరునాడంతా వికారంగా ఉంటుంది, జుట్టు కూడా కొంచెం రాలుతోంది. నొప్పే లేనప్పుడు ఇంత బలమైన మందు ఎందుకు, ఎప్పుడైనా వస్తే నొప్పి మాత్ర వేసుకుంటే సరిపోదా అనిపించి, ఎవరికీ చెప్పకుండా నెల రోజులు మెథోట్రెక్సేట్ మానేశాను. ఐదో వారంలో కుడి మణికట్టు వాచింది. భయపడి మళ్లీ మొదలుపెట్టాను. ఈ సంగతి మా డాక్టరుగారికి తెలియదు. వచ్చే వారం వారి దగ్గరకు వెళ్లాలి. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, ఉత్తరం చివర మీరు చెప్పీ చెప్పనట్లు రాసిన సంగతినే నేను ముందుగా తీసుకుంటాను, ఎందుకంటే మిగతా ప్రశ్నలన్నింటికంటే దానికే తొందర ఎక్కువ. మందు మానిన విషయం మీ డాక్టరుగారికి చెప్పి తీరాలి. మీరు చెప్పకపోతే, వచ్చే వారం ఆయన వాచిన మణికట్టును చూసి, 15 మి.గ్రా. మోతాదు మీకు చాలడం లేదని సహజంగానే అనుకుంటారు. అప్పుడు మోతాదును 20కో 25కో పెంచడమో, మరో మందును జతచేయడమో, ఇంకా ముందుకు వెళ్లి ఇంజెక్షన్ల గురించి ఆలోచించడమో చేస్తారు. ఆ నిర్ణయంలో ఆయన తప్పేమీ ఉండదు. పనిచేయని మందుకూ వేసుకోని మందుకూ మధ్య తేడాను వాచిన కీలును మాత్రమే చూసి చెప్పగల వైద్యుడు ఎక్కడా లేడు. దీర్ఘకాలం మందులు వాడేవారిలో ఎప్పుడో ఒకప్పుడు మానిచూడనివారు తక్కువేనని ఈ వృత్తిలో ఉన్న మాకందరికీ తెలుసు. ఆయన కోపగించుకుని నాలుగు మాటలు అంటే పడండి. నిజం దాచి అక్కరలేని మందు మింగడం కంటే అది నయం.

మీరు అడిగిన అసలు ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఈ జబ్బు ఏమి చేస్తుందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి. కీళ్లవాతం అనే ఒకే మాటను మనం రెండు వేర్వేరు జబ్బులకు వాడుతుంటాం. వయసు పైబడ్డాక మోకాళ్లలో మృదులాస్థి పలచబడి, నడిస్తే నొప్పి పెరిగి, కూర్చుంటే తగ్గేది ఒకటి. దానిలో ఉదయపు పట్టు సాధారణంగా అరగంటలోపే సడలిపోతుంది. మీకు వచ్చినది అది కాదు. శరీరాన్ని సూక్ష్మజీవుల నుంచి కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ, కీలు లోపలి పలచని పొరను పరాయిదిగా భావించి దానిపై దాడి చేయడం మీ జబ్బు మూలం. మామూలుగా ఆ పొర చాలా పలచగా ఉండి, కీలు సాఫీగా కదలడానికి కావలసిన జిగట ద్రవాన్ని తయారుచేస్తుంది. దాడి మొదలయ్యాక అది రక్తనాళాలతో, కణాలతో నిండి మందమై, కీలు అంచున ఎముకను కొద్దికొద్దిగా కొరుక్కుతినడం మొదలుపెడుతుంది. రాత్రంతా కదలని కీలులో వాపు పేరుకుపోతుంది కాబట్టే ఉదయం గంటల తరబడి పట్టేసి ఉంటుంది, రోజు గడిచే కొద్దీ సడలుతుంది. ఎక్స్‌రేలో కనిపించే ఆ కొరుకుడు గుంటలు చాలామందిలో మొదటి రెండేళ్లలోనే ఏర్పడతాయి; ఒకసారి ఏర్పడితే ఏ మందుతోనూ ఎముక మళ్లీ మునుపటిలా పూడదు. మీకు జబ్బు మొదలై ఏడాదే అయిందని గుర్తుంచుకోండి. మందు విలువ అత్యధికంగా ఉండే కాలం ఇదే.

ఇక నొప్పి మాత్రల సంగతి. డైక్లోఫెనాక్, నాప్రాక్సెన్, ఐబుప్రోఫెన్ వంటివి వేసుకున్న గంటా రెండు గంటల్లో నొప్పినీ పట్టునూ తగ్గిస్తాయి, వాటి ప్రభావం తీరగానే నొప్పి తిరిగి వస్తుంది. అవి పనికిరానివని నేను అనను. మెథోట్రెక్సేట్ పట్టు దొరికే వరకు ఆ మొదటి వారాలను గట్టెక్కించేవి అవే. కానీ ఎముకను కొరికే ప్రక్రియను అవి ఆపలేవు. వాటి మీద మాత్రమే ఆధారపడిన మనిషి, నొప్పి అదుపులోనే ఉందని నమ్ముతూ, రెండు మూడేళ్ల తర్వాత వేళ్లు పక్కకు ఒరిగిపోయాక వైద్యుని దగ్గరకు రావడం ఒకప్పుడు మామూలు విషయం. పైగా రోజూ వాడితే కడుపులో పుళ్లు, మూత్రపిండాలకు నష్టం, రక్తపోటు పెరగడం, గుండె జబ్బు ముప్పు ఇవన్నీ వాటికీ ఉన్నాయి. బలమైన మందని మీరు భయపడుతున్న మెథోట్రెక్సేట్‌కు నెలల తరబడి రక్తపరీక్షల కాపలా ఉంటుంది; తేలికైనదని మీరు అనుకుంటున్న నొప్పి మాత్రను మాత్రం ఏ కాపలా లేకుండా ఏళ్లపాటు మింగుతారు. ఈ రెండింటిలో ఎక్కువ నష్టం దేనివల్ల జరుగుతుందని నన్నడిగితే, నేను చూసినంతలో రెండోదాని పేరే చెబుతాను.

నొప్పి లేకపోవడమూ జబ్బు అణగడమూ ఒకటి కాదు, అది ఎలా తెలుస్తుందో మీరే చూసుకోవచ్చు. ఈసారి మీ డాక్టరుగారు చేతులు పరీక్షిస్తున్నప్పుడు ఆయన బొటనవేళ్లను గమనించండి. మీ ఒక్కొక్క కణుపునూ రెండు పక్కలా పట్టుకుని, తన గోటి కింది గులాబీ రంగు తెల్లబడేంత బలంతో నొక్కుతారు. అంతకంటే గట్టిగా నొక్కితే ఆరోగ్యంగా ఉన్న కీలు కూడా నొప్పెడుతుంది, అంతకంటే మెల్లగా నొక్కితే లోపలి వాపు చేతికి అందదు. ఎముక గట్టిగా, అంచు స్పష్టంగా తగిలితే ఆ కీలు ప్రశాంతంగా ఉన్నట్లు. వేలి కింద మెత్తగా, పొంగినట్లు తగిలితే మీకు నొప్పి లేకపోయినా అక్కడ జబ్బు మేలుకునే ఉన్నట్లు. భుజాలు, మోచేతులు, మణికట్లు, వేళ్ల కణుపులు, మోకాళ్లు కలిపి ఇలా 28 కీళ్లను చూసి, వాచినవెన్ని, నొక్కితే నొప్పెట్టేవెన్ని అని లెక్కగట్టి, దానికి ఒంట్లో వాపును సూచించే, రక్తంలోని ఈఎస్‌ఆర్ లేదా సీఆర్‌పీ విలువనూ, మీ ఆరోగ్యానికి మీరు వేసుకున్న మార్కునూ జోడించి జబ్బు తీవ్రతను ఒక అంకెగా కడతారు. ఆ 28లో పాదాల కీళ్లు లేవు. కాబట్టి ఉదయం మంచం దిగి మొదటి అడుగు వేసినప్పుడు వేళ్ల మొదళ్ల కింద గులకరాళ్ల మీద నడిచినట్లు ఉంటే, వారు అడగకపోయినా ఆ మాట మీరే చెప్పాలి.

మీ మనసును కలత పెట్టిన క్యాన్సర్ మందు అనే మాట పూర్తిగా అబద్ధం కాదు, అందుకే అది అంతగా భయపెడుతుంది. 1940ల చివర్లో పిల్లల రక్త క్యాన్సర్ చికిత్స కోసం, కణాలు పెరగడానికి కావలసిన ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌కు అడ్డుపడే మందులు తయారుచేశారు. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. ఆ మందులు కీళ్ల వాపునూ తగ్గిస్తున్నాయని 1951లోనే గమనించినా, అప్పట్లో అందరి దృష్టీ స్టెరాయిడ్ల మీద ఉండడంతో దానిని పట్టించుకున్నవారు లేరు. 1980లలో జరిగిన క్రమబద్ధమైన పరీక్షల తర్వాత, 1988లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దీనిని రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు ఆమోదించింది. క్రమంగా ఈ జబ్బులో ప్రపంచమంతటా మొదట రాసే మందు ఇదే అయింది. కొన్ని క్యాన్సర్లలో దీనిని శరీర వైశాల్యంలో ఒక్కొక్క చదరపు మీటరుకు 500 మి.గ్రా., అంతకంటే ఎక్కువగా కూడా రక్తనాళంలోకి ఎక్కిస్తారు. మీరు వేసుకునేది వారం మొత్తానికి 15 మి.గ్రా. ఆ మోతాదులో అది కణాలను చంపడం ద్వారా కాక, ప్రధానంగా అడినోసిన్ అనే పదార్థాన్ని పెంచి వాపును చల్లార్చడం ద్వారా పనిచేస్తుందని ఇప్పటి అవగాహన. పేరు ఒకటే అయినా చేసే పని వేరు. ఇంకొక మాట కూడా మీ బంధువుకు చెప్పండి. లింఫోమా అనే ఒక రకం క్యాన్సర్ ముప్పు ఈ జబ్బు ఉన్నవారిలో కొంచెం ఎక్కువ, అయితే అది అత్యధికంగా కనిపించేది ఏళ్ల తరబడి వాపు అదుపులో లేకుండా మండుతూ ఉన్నవారిలోనే.

భయపడవలసిన చోటు ఒకటి ఉంది, దానిని ఎవరూ ముందుగా చెప్పరు. ఈ మందు వారానికి ఒక్కరోజే వేసుకోవలసినది. ఆ సంగతి మరచి రోజూ వేసుకున్నవారికి ఎముక మజ్జ దెబ్బతిని, తెల్లకణాలు పడిపోయి, నోరంతా పుళ్లు పడి, ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు లోకంలో చాలాచోట్ల నమోదయ్యాయి. ఆ పొరపాటు ఎలా జరుగుతుందో చెప్పడం తేలిక: చీటీలో వారానికి అన్న మాట సరిగా కనిపించదు, లేదా ఇంట్లో వేరొకరు మాత్రలు తీసి ఇస్తారు, లేదా ఫోలిక్ ఆమ్లమూ ఇదీ రెండూ చిన్న పసుపు మాత్రలు కావడంతో ఒకదాని బదులు మరొకటి వేసుకుంటారు. అందుకని వారంలో ఒక రోజును ఖాయం చేసుకుని, ఆ రోజు పేరును అట్ట మీద పెద్ద అక్షరాలతో రాయండి. మాత్రలు 2.5, 5, 10 మి.గ్రా. వంటి వేర్వేరు బలాల్లో వస్తాయి కాబట్టి ఎన్ని మాత్రలు అని కాక ఎన్ని మి.గ్రా. అని గుర్తుపెట్టుకోండి, 2.5 మి.గ్రా.వి ఆరు వేసుకునే మనిషి, దుకాణంలో 10 మి.గ్రా.వి ఇచ్చినప్పుడు కూడా ఆరే వేసుకుంటే ఏమవుతుందో మీరే ఊహించండి. ఎప్పుడైనా ఆ రోజు మరచిపోతే, రెండు రోజుల లోపు గుర్తుకు వస్తే వేసుకోవచ్చు. అంతకు మించితే ఆ వారం వదిలేసి మామూలు రోజునే వేసుకోవాలి. రెండు వారాలది కలిపి ఎన్నడూ వేసుకోకూడదు.

వికారానికి మందు మానడం ఒక్కటే మార్గమని మీరు అనుకున్నారు, దానికంటే ముందు ప్రయత్నించవలసినవి చాలా ఉన్నాయి. రాత్రి భోజనం చేసి పడుకునే ముందు వేసుకుంటే, వికారం ఎక్కువగా ఉండే గంటలు నిద్రలోనే గడిచిపోతాయి. 15 మి.గ్రా.ను అదే రోజులో ఉదయం కొంత, పన్నెండు గంటల తర్వాత కొంత అని రెండుగా చేస్తే కొందరికి బాగా సుఖం కలుగుతుంది. ఫోలిక్ ఆమ్లం మోతాదును పెంచవచ్చు. దానిని వారానికి ఒకసారి 5 మి.గ్రా. ఇచ్చేవారూ ఉన్నారు, మెథోట్రెక్సేట్ రోజు తప్ప మిగతా రోజుల్లో ఇచ్చేవారూ ఉన్నారు. అప్పటికీ లొంగకపోతే ఇదే మందును చర్మం కింద ఇంజెక్షన్‌గా తీసుకోవచ్చు, ఇంట్లో తామే వేసుకోవడం చాలామంది వారం పది రోజుల్లో నేర్చుకుంటారు. అలా వేసుకున్నప్పుడు కడుపు బాధ తగ్గడమే కాక, 15 మి.గ్రా.కు పైబడిన మోతాదుల్లో మందు శరీరానికి అందేది కూడా మాత్రల కంటే ఎక్కువ. ఈ మార్పులన్నీ మీ డాక్టరుగారు చీటీ మీద ఒక్క నిమిషంలో రాయగలిగినవే, కాని వికారం ఉందని మీరు చెప్పనిదే వారికి తెలియదు. జుట్టు విషయానికి వస్తే, ఈ మోతాదులో పలచబడడమే తప్ప బట్టతల కావడం ఉండదు. జబ్బు తీవ్రంగా ఉన్న నెలల వల్ల కూడా జుట్టు రాలుతుంది, రక్తం తక్కువగా ఉన్నా, థైరాయిడ్ సరిగా లేకపోయినా రాలుతుంది. నింద ఒక్క మాత్ర మీదే వేయకుండా ఆ పరీక్షలు చేయించమని అడగండి.

రక్తపరీక్షలను మాత్రం వాయిదా వేయకండి. మొదటి మూడు నెలలు రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి, ఆ తర్వాత రెండు మూడు నెలలకు ఒకసారి రక్తకణాలు, కాలేయం, మూత్రపిండాల పరీక్షలు చేయించడం మామూలు పద్ధతి. మద్యం అలవాటు ఉంటే మానడం మేలు, ఎందుకంటే అదీ ఇదీ రెండూ కాలేయం మీదే భారం వేస్తాయి. వేరే జబ్బుకు మరో డాక్టరును కలిసినప్పుడు మెథోట్రెక్సేట్ వాడుతున్నానని చెప్పడం మరవద్దు. ముఖ్యంగా ట్రైమెథోప్రిమ్ అనే యాంటీబయాటిక్ కానీ, అది కలిసిన కోట్రైమాక్సజోల్ కానీ ఈ మందుతో కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. గట్టి జ్వరం వచ్చినా, వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా, ఆ వారం మాత్ర వేసుకునే ముందు డాక్టరును అడగండి. కారణం తెలియని పొడిదగ్గు, ఆయాసం మొదలైతే మాత్ర ఆపి వెంటనే చూపించుకోవాలి; ఊపిరితిత్తులకు వచ్చే ఆ ఇబ్బంది అరుదే, కానీ ఆలస్యం చేయదగినది కాదు. మీరు రాయలేదు కాని అడగక తప్పని ప్రశ్న ఒకటి: గర్భం వచ్చే అవకాశం ఉందా? ఈ మందు గర్భస్రావానికీ శిశువులో లోపాలకూ కారణమవుతుంది కనుక, నమ్మకమైన నిరోధక పద్ధతి ఉండాలి. బిడ్డ కావాలనుకుంటే ఒకటి నుంచి మూడు నెలల ముందే దీనిని మాన్పించి, గర్భిణులకు సురక్షితమైన మందులకు మారుస్తారు. మీరు రోజూ వేసుకునే హైడ్రాక్సీక్లోరోక్విన్ అలాంటి వాటిలో ఒకటి. దాని మోతాదు రోజుకు శరీర బరువులో కిలోకు 5 మి.గ్రా. దాటకూడదు. మొదటి ఏడాదిలో ఒకసారి, ఐదేళ్ల తర్వాత ఏటా కంటి లోపలి పొరను పరీక్ష చేయించుకుంటే దానితో చిక్కు లేదు.

మీ ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్ మాత్రలు ఉన్నాయేమోనని నాకు అనుమానం. మణికట్టు వాచిన రోజున వాటి వైపు చేయి వెళ్లి ఉంటే ఆశ్చర్యం లేదు, ఎందుకంటే ఈ జబ్బులో అంత త్వరగా, అంత పూర్తిగా సుఖాన్నిచ్చేది మరొకటి లేదు. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు మొట్టమొదటిసారి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చిన రోగి, అంతకుముందు మంచంలో కదలడానికే కష్టపడిన యువతి, కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. వైద్యలోకం అంతటా అది అద్భుతమనిపించింది. 1950లో హెంచ్‌కూ, ఆ పదార్థంపై పరిశోధించిన కెండల్, రైక్‌స్టైన్‌లకూ నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ సంబరం ముగియకముందే ముఖాలు ఉబ్బడం, ఎముకలు బోలు కావడం, చక్కెర పెరగడం, మందు ఆపగానే జబ్బు రెట్టింపు ఉద్ధృతితో తిరగబెట్టడం కనిపించసాగాయి. స్టెరాయిడ్ చెడ్డదని కాదు. మెథోట్రెక్సేట్ పనిచేయడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఆ నడిమి కాలాన్ని దాటించే వంతెనగా, వీలైనంత తక్కువ మోతాదులో, వీలైనంత తక్కువ కాలం దానిని వాడాలి. మీ డాక్టరుగారు చేసినది సరిగ్గా అదే. వంతెన మీదే కాపురం పెట్టాలని చూసినవారికి చిక్కులు వస్తాయి. పేరూ కూర్పూ రాయని పొడులు, గుళికలు కీళ్లనొప్పులకు ఇస్తే రెండు రోజుల్లో గుణం కనిపించిందని ఎవరైనా చెప్పినప్పుడు కూడా మీరు ఇదే అనుమానించాలి. అలాంటి వాటిలో చెప్పకుండా కలిపిన స్టెరాయిడ్ బయటపడడం కొత్త కాదు.

మరి జీవితాంతం ఇంతేనా అని మీరు అడగలేదు, కాని మందు మానిన ఆ నెల వెనుక ఉన్నది ఆ ప్రశ్నేనని నేను అనుకుంటున్నాను. దానికి నిజాయతీగా చెప్పగలిగిన జవాబు ఇది. ఇప్పటి చికిత్సకు ఒక గమ్యం ఉంది: జబ్బు పూర్తిగా అణగడం, అది కుదరకపోతే అతి తక్కువ స్థాయిలో ఉండడం. జబ్బు చురుగ్గా ఉన్నంతకాలం ఒకటి నుంచి మూడు నెలలకు ఒకసారి కొలిచి చూస్తూ, మూడు నెలలకు గుణం కనిపించకపోయినా, ఆరు నెలలకు గమ్యం చేరకపోయినా చికిత్సను మారుస్తారు. గమ్యం చేరి కనీసం ఆరు నెలలు, స్టెరాయిడ్ ప్రమేయం లేకుండా, నిలకడగా ఉంటే అప్పుడు మోతాదును మెల్లమెల్లగా తగ్గించే ఆలోచన చేయవచ్చు. తగ్గించడం వేరు, ఒక్కసారిగా ఆపేయడం వేరు. పూర్తిగా ఆపినవారిలో చాలామందికి జబ్బు తిరగబెడుతుంది, మళ్లీ అదే మందు మొదలుపెడితే ఎక్కువమందికి తిరిగి అదుపులోకి వస్తుంది. మధ్యలో జరిగిన నష్టం మాత్రం కీలులో మిగిలిపోవచ్చు. మీ మణికట్టు ఐదో వారంలో వాచింది కాబట్టి, మీ జబ్బు ఇంకా నిద్రపోలేదనీ, మందు దానిని నొక్కి ఉంచుతున్నదనీ తేలిపోయింది. అడగకుండా చేసిన ప్రయోగమే అయినా, ఫలితం తెలిసింది. దానిని వృథా పోనివ్వకండి.

ఒకవేళ మెథోట్రెక్సేట్‌ను సరిగా వాడినా చాలకపోతే దారులు మూసుకుపోవు. సల్ఫాసలజిన్, లెఫ్లునోమైడ్ వంటివి ఉన్నాయి. 1998 నుంచి ఎటనెర్‌సెప్ట్, ఆ తర్వాత ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ వంటి బయోలాజిక్ ఇంజెక్షన్లు వచ్చాయి. వాపును రగిలించే టీఎన్‌ఎఫ్ అనే ఒకే ఒక్క సంకేతాన్ని పట్టి ఆపడం వీటి పని. వీటిని మొదలుపెట్టే ముందు శరీరంలో నిద్రాణంగా ఉన్న క్షయ ఉందేమో తప్పక పరీక్షిస్తారు, ఎందుకంటే టీఎన్‌ఎఫ్‌ను ఆపితే ఆ క్షయ మేలుకోవచ్చు. 2012 నుంచి టోఫాసిటినిబ్ వంటి నోటి మాత్రలూ ఉన్నాయి. గుండె జబ్బు ముప్పు ఉన్నవారికీ, వయసు పైబడినవారికీ, పొగతాగేవారికీ వాటిని రాసే ముందు వైద్యులు ఆచితూచి ఆలోచిస్తారు. మీకు ఇప్పుడు ఇవేవీ అవసరం ఉన్నట్లు నాకు తోచడం లేదు. వీటి అవసరం లేకుండా నెట్టుకురాగల స్థితిలో మీరున్నారు, మీ డాక్టరుగారికి నిజం చెబితే.

మందుకు తోడు మీరు చేయవలసినవి కొన్నే. వాపు ఉన్న రోజుల్లో ఆ కీలుకు విశ్రాంతినిస్తూనే, రోజుకు ఒకటి రెండు సార్లు అది వెళ్లగలిగినంత దూరం మెల్లగా కదిలించండి. వాపు తగ్గిన రోజుల్లో నడక, కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం తప్పనిసరి, ఎందుకంటే కీలును పట్టి ఉంచేది దాని చుట్టూ ఉన్న కండరమే. బరువైన సంచిని వేళ్లతో కాక ముంజేతికి తగిలించుకోండి, మూతను వేళ్లతో కాక అరచేయి మోపి తిప్పండి. ఇంట్లో ఎవరైనా పొగతాగుతుంటే మానిపించండి, మీకే ఉంటే మీరు మానండి. పొగ ఈ జబ్బును తెచ్చిపెట్టే కారణాల్లో ఒకటి, మందుల గుణాన్నీ తగ్గిస్తుంది. ఈ జబ్బు ఉన్నవారిలో గుండెపోటు ముప్పు ఇతరుల కంటే ఎక్కువ కాబట్టి రక్తపోటు, కొలెస్ట్రాల్ పరీక్షలు కూడా కీళ్ల చికిత్సలో భాగమే. ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకోవచ్చు. బతికి ఉన్న సూక్ష్మజీవులతో చేసిన టీకాలను మాత్రం డాక్టరును అడగకుండా వేయించుకోవద్దు. పథ్యం గురించి చాలామంది అడుగుతారు. ఫలానాది తినకపోతే ఈ జబ్బు పోతుందని చెప్పడానికి ఆధారం లేదు. సమతుల ఆహారం తీసుకోండి, బరువు పెరగకుండా చూసుకోండి, అంతే. కీళ్లు నొప్పెట్టకపోయినా మధ్యాహ్నానికే ఒళ్లు వాలిపోయినట్లు ఉంటే అది సోమరితనం కాదు. ఈ జబ్బులో అలసట ఒక లక్షణం, దానికి రక్తహీనతో, నిద్రలేమో, దిగులో తోడై ఉండవచ్చు. ఆ మాట కూడా నోరు విప్పి చెప్పాలి.

వచ్చే వారం వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద ఐదు సంగతులు రాసుకోండి: మెథోట్రెక్సేట్ వేసుకోని వారాల తేదీలు, మణికట్టు వాచిన తేదీ, ఈ మధ్యలో వేసుకున్న నొప్పి మాత్రలు కానీ స్టెరాయిడ్లు కానీ ఉంటే వాటి పేర్లు, వికారం ఎంతసేపు ఉంటుంది, ఉదయపు పట్టు ఇప్పుడు ఎన్ని నిమిషాలు అన్నది. చేయి చూపించాక అయితే ఆయన అప్పటికే ఒక అభిప్రాయానికి వచ్చేసి ఉంటారు, మీకు చెప్పడం ఇంకా కష్టమవుతుంది. కుర్చీలో కూర్చున్న వెంటనే, ఆయన మీ మణికట్టును పట్టుకోకముందే, ఆ కాగితాన్ని ఆయన చేతికి ఇవ్వండి.